రొట్టె ఇవ్వని ఏడు

ఉప్పు కయ్యల్లో పని చేసినవాళ్ల నోట్లో ఎప్పుడూ ఉప్పే ఉంటుంది. మంచినీళ్లు తాగినా ఉప్పు, గంజి తాగినా ఉప్పు, కోపమొచ్చి ఉమ్మినా ఉప్పు. అందుకే మాలకొండమ్మ దవడలోంచి ఉప్పటి నీళ్లు ఊరుతున్నాయని ఆమెకే చాలా కాలం తెలియలేదు.

మా పాలెం కృష్ణపట్నానికి ఉత్తరంగా, సముద్రానికీ బకింగ్‌హామ్ కాలవకీ మధ్య ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నానంటే ఊరు ఉంది గానీ ఆ కయ్యలు లేవు, కాలవలో పడవలు లేవు. అప్పట్లో ఎండ ముదిరితే కయ్యలు తెల్లగా మెరిసి కళ్లు పోయేవి. ఆడవాళ్లు వరసగా నిలబడి పలకలతో ఉప్పు లాగేవాళ్లు. వరస తప్పకుండా ఒకామె ముందు పాట అందుకోవాలి. ఆ ఒకామె మాలకొండమ్మ. నేను కూలోళ్ల సంఘం పెట్టినప్పుడు నినాదాలు కూడా ఆమె చేతే ఇప్పించాను. నేను అరిస్తే మూడో నినాదానికి గొంతు చీలిపోయేది. ఆమె అరిస్తే గుత్తేదారు కొట్టంలో పావురాలు లేచిపోయేవి. ఇప్పుడు మైకులొచ్చాయి. ఎవడేం మాట్లాడుతున్నాడో ఒక్క ముక్క అర్థం కాదు.

అరవై రెండో సంవత్సరం వేసవిలో ఒక మధ్యాహ్నం గంజి వేళ. మాలకొండమ్మ ఎడమ బుగ్గలో ఆకువక్క ఉండ పెట్టుకుని ఉంది. కొన్నాళ్లుగా అట్లాగే ఉంటోంది, ఎవరూ పట్టించుకోలేదు. నేను చూస్తుండగా చెంబెత్తి గటగటా నీళ్లు తాగింది. నీళ్లు లోపలికి పోయాయి, ఉండ మాత్రం కదల్లేదు.

"అక్కా, ఆకు ఉమ్మేసి తాగరాదా?"

"నా నోరు, నా ఆకు. దానిక్కూడా మీ సంఘంలో తీర్మానం జెయ్యాల్నా?"

"నోరు తెరువు ఒకసారి."

"నోరు తెరిచి పళ్లు జూపించడానికి నేనేమన్నా సంతలో ఎద్దునా ఓబులేసూ?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. కొంగు లాగి బుగ్గ మీద కప్పుకుంది. అప్పుడు నాకు అర్థమైంది. బుగ్గలో ఆకు లేదు. దవడే ఉబ్బింది.

ఆ దవడకి అంతకు మూడేళ్ల ముందే ఒకసారి ఆపరేషన్ అయింది. అదే చోట, ఎడమవైపు కింది దవడ చివర, జ్ఞానదంతం దగ్గర ఉబ్బింది. ఒక ఆసుపత్రిలో కోసి, గీకి, కుట్లేసి పంపారు. వాపు పోయింది, గొంతు తిరిగొచ్చింది. అందరం మర్చిపోయాం. ఆమె మొగుడు మునెయ్య కాలవలో పడవ నడిపేవాడు, నోట్లోంచి మాట తేలిగ్గా రాని మనిషి. ఆయన ఒక్కడికే ఈ రెండో వాపు సంగతి తెలుసు. ఆమె ఒట్టు పెట్టించుకుంది గనక ఎవరితోనూ చెప్పలేదు.

"ఎందుకు దాచిపెట్టావ్?" అని నేను కేకలేస్తే ఆమె పలక తీసుకుని కయ్యలోకి దిగింది. సంఘం పని మానేస్తానని బెదిరించాను. "మానుకో, గుత్తేదారు నీకు దండ ఏస్తాడు" అంది. చివరికి మునెయ్యే ఒక మాటన్నాడు. "సూపించుకుంటే కోసినట్టు కాదు గదా. సూపించుకో." ఆ మాటకి ఆమె బస్సెక్కింది.

నెల్లూరులో ఖాదర్ మొహిద్దీన్ అని పళ్ల డాక్టరు, మద్రాసులో చదువుకుని కొత్తగా వచ్చినాయన. కింద ఆసుపత్రి, మిద్దె మీద ఆయనా వాళ్లమ్మ షాజాదీ బేగమూ ఉండేవాళ్లు. ఆయన మాలకొండమ్మ నోట్లో బొటనవేలు పెట్టి దవడ నొక్కాడు. ఎముక గట్టిగా ఉండాలి గదా. పలచటి రేకు డబ్బాని నొక్కినట్టు లోపలికి పోయి మళ్లీ పైకొచ్చింది. ఆయన ఎక్స్‌రే ఫోటో తీయించి, తడి ఆరకముందే కిటికీ వెలుగుకి పట్టి మాకు చూపించాడు. దవడ ఎముకలో నల్లటి గుంట, కోడిగుడ్డంత ఉంది. చుట్టూ ఎముక గోరంత అంచుగా మిగిలింది.

"ఇది తిత్తి. నీళ్లతిత్తి అంటారు గదా, అట్లాంటిది ఎముకలో పుట్టింది. మళ్లీ వచ్చిందంటే, అప్పుడు పూర్తిగా పోలేదన్నమాట."

"అప్పుడు కోసినాయన సరిగా కొయ్యలేదా?" అన్నాను. తప్పు పట్టడానికి నాకు ఎవరో ఒకరు దొరకాలి.

"ఆయన్ని ఏమీ అనబాకండి. కోడిగుడ్డు ఉడకబెట్టి పెంకు వలిస్తే కింద సన్నటి పొర ఉంటాది చూడండి. ఈ తిత్తి గోడ అట్లా ఉంటాది, ముట్టుకుంటే చినుగుతాది. గీకితే ముక్కలు ముక్కలుగా వస్తాది. ఆవగింజంత ముక్క ఎముకకి అంటుకుని ఉండిపోయినా మళ్లీ తిత్తి కడతాది. దీన్ని పొర చినక్కుండా మొత్తంగా తియ్యాల. తీసినాక చుట్టూ ఎముకని కూడా చెక్కాల."

"తియ్యకపోతే?"

"ఏదో ఒకరోజు గట్టి రొట్టె కొరికినప్పుడు దవడ టప్పని విరుగుతాది. అప్పుడిక సగం దవడ తీసెయ్యడమే. మాట ముద్దగా వస్తాది."

సగం దవడ అన్నప్పుడు ఆమె ఉలిక్కిపడలేదు. రొట్టె అన్నప్పుడు ఉలిక్కిపడింది.

"రొట్టె మాట ఎందుకెత్తినావయ్యా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. సమ్మెలో పోలీసులు లాక్కుపోయినప్పుడు కూడా ఆమె ఏడవలేదు.

సంగతి ఇది. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం నెలలో రొట్టెల పండగ జరుగుతుంది. హిందువులూ పోతారు, తురకలూ పోతారు. దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడతారు. ఏదైనా కోరుకున్నవాళ్లు, అదే కోరిక తీరినవాళ్ల చేతినుంచి ఒక రొట్టె తీసుకుని తింటారు. సంతానం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె. కోరిక తీరితే మరుసటేడు వాళ్లే రొట్టె చేసుకొచ్చి ఇంకొకరికి ఇస్తారు. మాలకొండమ్మ మొదటి ఆపరేషన్ ఏడు ఆరోగ్యం రొట్టె తిన్నది. మరుసటేడు తనే చేసుకుపోయి, నాకు బాగైంది, నీకూ బాగవుతుందని చెప్పి మనుబోలు నుంచి వచ్చిన చెంచులక్ష్మి అనే పిల్ల చేతిలో పెట్టింది.

"బాగు కాకుండానే బాగైందని చెప్పి ఇచ్చేసినాను సామీ. నీళ్లల్లో నిలబడి అబద్ధమాడినట్టే గదా. ఆ పిల్ల రోగంతో ఉండే మొగుడి కోసం తీసుకుంది. నా రొట్టె తిని వాళ్ల గతేమయిందో. ఇప్పుడు నాకు మళ్లీ వచ్చిందని బయటికి చెబితే ఆ రొట్టె ఉత్తదైపోతాది."

నేను ఊరుకుంటానా. గోధుమపిండికీ రోగానికీ సంబంధం లేదని ఉపన్యాసం మొదలుపెట్టాను. డాక్టరు తల వంచుకుని నవ్వాడు. మిద్దె మెట్ల మీదనుంచి షాజాదీ బేగం గొంతు వినిపించింది.

"నవ్వబాక ఖాదర్. నువ్వు కడుపులో పడింది అక్కడ రొట్టె తిన్నాకే."

డాక్టరు నవ్వు ఆగిపోయింది. ఆమె కిందికి దిగి మాలకొండమ్మ పక్కన బెంచీ మీద కూర్చుంది.

"ఏం కావాల బిడ్డా నీకు?"

"ఆ పిల్ల ఎట్లుందో తెలియాల బూబమ్మా. బాగుంటే కోయించుకుంటా. బాలేకపోతే ముందు ఆమె కాళ్లు పట్టుకోవాల. నా దవడ ఆ తర్వాత."

"అయితే ఈ అరిచే మనిషిని పంపించు. మనుబోలేమన్నా మక్కా అంత దూరమా."

సర్కారునే కదిలించాలని తిరిగిన నేను, రెండేళ్ల కిందట రొట్టె తిన్న ఆడమనిషి కోసం మద్రాసు బస్సెక్కాను. మనుబోలులో దిగి అడిగితే జనం నన్ను పెళ్లిళ్ల పేరయ్య అనుకున్నారు. చివరికి రైసుమిల్లు వాకిట్లో తవుడు చెరుగుతూ దొరికింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. నుదుట బొట్టు లేదు.

నేను అడగాల్సింది ఇక ఏమీ మిగల్లేదు. అయినా చెప్పాను, రొట్టె ఇచ్చిన ఉప్పు కయ్యల ఆమె పంపించిందని.

"పెద్ద గొంతామె గదా" అంది చెంచులక్ష్మి. "నీకు మేలు జరుగుతాది తల్లీ అంటే చెరువులో అందురూ ఇటే చూసినారు. నాకు సిగ్గేసింది."

"మీ ఆయన..."

"క్షయ. నెల్లూరికి పోయి సూదులు ఏయించుకుంటా ఉన్నాడు. రొట్టె తిన్నాక జరం తగ్గింది, ఒళ్లు వచ్చింది, మిల్లుకి కూడా పోయినాడు. ఇంకా సూదులెందుకు అన్నాడు. నేనూ సరే అన్నాను. ఏడు తిరక్కుండా మళ్లీ దగ్గు. ఈసారి సూదులకి లొంగలా."

చేట పక్కన పెట్టి చేతులు దులుపుకుంది. నేను బస్సు ఎప్పుడొస్తుందా అని రోడ్డు వైపు చూస్తున్నాను. మాలకొండమ్మకి ఏం చెప్పాలో తోచలేదు.

"ఆమెకేమయింది?" అని అడిగింది. చెప్పాను. విని, కొంగు తలమీదికి లాక్కుని, "నేనూ వస్తా పద" అంది.

డాక్టరు వరండాలో మాలకొండమ్మ మమ్మల్ని చూసింది. ముందు చెంచులక్ష్మి మొహం, తర్వాత బొట్టు లేని నుదురు. అంతే, నేలమీద పడి కాళ్లు పట్టుకుంది. చెంచులక్ష్మి ఆమె రెండు రెక్కలూ పట్టి లేపింది. బస్తాలు ఎత్తిన చేతులు గనక లేపగలిగింది.

"లెయ్యక్కా. నీ రొట్టె ఏం జేసింది. తిన్నాం, జరం తగ్గింది. తగ్గిందంటే పోయిందని మేమే అనేసుకున్నాం. అడగాల్సినోళ్లని అడగలా. నీకు బాగైందని ఎవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలా. వాపు పోయింది, నాకే అనిపించింది."

"మాకూ అట్నే అనిపించింది."

మాలకొండమ్మ కళ్లు తుడుచుకుని లోపలికి పోయి, ఎవరూ చెప్పకుండానే కుర్చీలో కూర్చుంది. "కొయ్యి డాక్టరయ్యా. పొర చిరగనియ్యబాక" అంది.

ఆపరేషన్ మర్నాడు పొద్దున జరిగింది. మత్తు సూది ఇచ్చి, జ్ఞానదంతం తీసి, పంటి చిగురు విప్పి, ఎముకలో కిటికీ తెరిచినట్టు తెరిచాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. మాలకొండమ్మ కళ్లు తెరిచే ఉంది. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండడం చూడలేక నేనే రెండుసార్లు బయటికి పోయి వచ్చాను. డాక్టరు చెమటలు కక్కుతూ, చెంచాలాంటి పనిముట్టు వీపుతో ఆ తిత్తిని ఎముకనుంచి కొంచెం కొంచెంగా వేరు చేశాడు, పసిపిల్లని ఉయ్యాల్లోంచి తీసినట్టు. చివరికి బయటికొచ్చి పింగాణీ గిన్నెలో పడింది. లోపల మీగడలాంటి తెల్లటి పదార్థం. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా చిరగలేదు. అప్పుడు కూడా వదల్లేదు. మరతో గుంట గోడలన్నీ చెక్కి, పచ్చటి మందు గుడ్డ పొడుగ్గా చించి మడతలు మడతలుగా లోపల కూరాడు. తిత్తిని సీసాలో పెట్టి పరీక్షకి మద్రాసు పంపించాడు.

కుట్లేసి మూసెయ్యలేదని నేను గొడవపడ్డాను.

"పైన మూస్తే లోపల ఏం జరుగుతా ఉందో నాకు కనపడదు" అన్నాడు డాక్టరు. "పైన మూసుకోకూడదు. అడుగు నుంచి పూడి రావాల. ఆ గుడ్డ మారుస్తా ఉండాల. గుడ్డ తీసేసినాక అన్నం తిన్నప్పుడల్లా గోరువెచ్చటి ఉప్పునీళ్లతో కడగాల."

మాలకొండమ్మ మాట్లాడగలిగాక మొదట అడిగింది ఇది. "కయ్యలో ఉప్పు అడుగునుంచి కట్టినట్టా?"

"సరిగ్గా అట్లాగే."

"ఉప్పునీళ్లు మా కయ్యలోవి పనికొస్తాయా?"

"మంచినీళ్లలో చిటికెడు ఉప్పమ్మా. కయ్య నీళ్లు పోస్తే నా పని, నీ నోరు రెండూ పోతాయి."

గుంట పూడడానికి నెలలు పట్టింది. వానాకాలం పోయి మళ్లీ కయ్యల్లో నీళ్లు కట్టే వేళకి ఆమె గొంతు తిరిగొచ్చింది. కానీ డాక్టరు ఒక షరతు పెట్టాడు. ఏటా ఒకసారి రావాలి. నొప్పి లేకపోయినా, వాపు లేకపోయినా రావాలి. "ఇట్లాంటి తిత్తి అయిదేళ్లకొస్తాదో, పదేళ్లకొస్తాదో. చిన్నగా ఉండంగా పట్టుకుంటే చిన్న పని. మీరు రారని నాకు తెలుసు. నొప్పి పోయినోడు నన్ను చూసి పక్క వీధిలోంచి పోతాడు."

"వస్తా" అంది మాలకొండమ్మ. "రొట్టెల పండగకి వస్తా. ముందు నీ దగ్గరికి, తర్వాత చెరువుకి. ఫోటో చూసి నువ్వు శుభ్రమంటే రొట్టె ఇస్తా. అనకపోతే ఇయ్యను. మళ్లీ వచ్చే ఏటికి ఇంకో రొట్టె తీసుకుంటా. ఏటా తీసుకునేదే, ఏటా ఇచ్చేదే."

నాకు ఒళ్లు మండింది. "డాక్టరు బాగుందన్నాక మళ్లీ రొట్టె ఎందుకక్కా?"

"డాక్టరు చెప్పేది నా ఒక్కదానికి అబ్బయ్యా. రొట్టె ఇంకొకరికి. ఇచ్చేటప్పుడు చెప్పొద్దా, మందు మానబాకండి అని."

అయితే పండక్కి నేనూ వస్తానన్నాను.

ఆ తర్వాతి ఏళ్లు తలుచుకుంటే నాకు ముందు పిండి వాసన వస్తుంది. నెలవంక లెక్కన వచ్చే పండగ ఏటేటా కొంచెం ముందుకు జరుగుతూ జూన్ నుంచి మే నెలలోకి, మే నుంచి ఏప్రిల్లోకి, నిండు ఉప్పు పనుల్లోకి వచ్చేసింది. పని ఒదిలేసి పోతుందేమిటని గుత్తేదారు గొణిగేవాడు. "దవడ పండగ" అని కూలోళ్లు పేరు పెట్టారు. మాలకొండమ్మ తెల్లారి బస్సుకే నెల్లూరు చేరేది. మనుబోలు నుంచి చెంచులక్ష్మి వచ్చేది. మిద్దె మీద షాజాదీ బేగం గోధుమపిండి పిసికి, బెల్లం తరిగి, పొయ్యి రాజేసి, పెనం మాత్రం గోడకి ఆనించి కూర్చునేది. కింద కొడుకు దవడ నొక్కేవాడు, ఫోటో తీయించి కిటికీ దగ్గర పట్టుకునేవాడు. మేమంతా ఆయన వీపు చూస్తూ నిలబడేవాళ్లం. ఆయన మెట్ల దగ్గరికి పోయి పైకి కేకేసేవాడు.

"అమ్మీ, పెనం ఎయ్యి."

పైన పెనం పొయ్యి మీద పడ్డ చప్పుడు వినిపించేది. ఆ చప్పుడుకి మాలకొండమ్మ నవ్వేది. తర్వాత చెరువు. నేను గట్టు మీద తువ్వాళ్లూ చెప్పులూ కాపలా కాసేవాణ్ణి. నీళ్లలోకి దిగలేదు, ఏనాడూ. రొట్టె ఇస్తూ ఆమె చెప్పే మాట మాత్రం గట్టు మీద చివరిదాకా వినిపించేది. "నాకు బాగైంది తల్లీ. డాక్టరు చూసి చెప్పినాడు. నీకూ బాగవుతాది. మందు మానబాక." చెంచులక్ష్మి పక్కన నిలబడి, క్షయ అన్నవాళ్ల దగ్గరికి తనే పోయి మాట్లాడేది. రొట్టె ఇచ్చేది కాదు. మాట్లాడేది.

అరవై ఎనిమిదిలో డాక్టరు మెట్ల దగ్గరికి పోలేదు.

ఫోటో పట్టుకుని కిటికీ దగ్గరే నిలబడిపోయాడు. మాకు చూపించాడు. పాత గుంట మొత్తం ఎముకతో పూడింది. వెనక అంచులో మాత్రం పెసరబద్దంత నల్లటి చుక్క.

"నాకేం తెలియడం లేదే" అంది మాలకొండమ్మ దవడ తడుముకుంటూ. "నొప్పి లేదు, ఉప్పటి నీళ్లు లేవు."

"తెలియదమ్మా. తెలిసేటప్పటికి గుడ్డంత అవుతాది. అందుకే రమ్మనేది." ఆయన ఫోటో బల్లమీద బోర్లా పెట్టాడు. "అంత చెక్కినా ఎక్కడో మిగిలింది."

"దానికి నువ్వెందుకు దిగులుపడతావు. ఇప్పుడు సగం దవడ పోతాదా?"

"పోదు. రేపు పొద్దున గంట పని. పన్ను కూడా పోదు."

"మరింకేం. బూబమ్మతో చెప్పు."

ఆయన మెట్ల దగ్గరికి పోయి మెల్లిగా అన్నాడు. "అమ్మీ, పెనం వద్దు."

పైన ఏ చప్పుడూ లేదు.

సరే, ఈ ఏడు చెరువుకి పోనవసరం లేదు గదా అన్నాను. మాలకొండమ్మ నన్ను వింతగా చూసింది. "నేను ఇస్తానని వచ్చేవాళ్లు ఉంటారురా. రాకపోతే చచ్చిపోయిందనుకుంటారు" అని లేచింది.

నీళ్లలోకి ఖాళీ చేతులతో దిగింది. చుట్టూ అందరి చేతుల్లో రొట్టెలు. ఆమె కొంగు తలమీద కప్పుకుని, రెండు చేతులూ కిందికి వేలాడేసి నిలబడింది. నాకు గట్టు మీద కూర్చోబుద్ధి కాలేదు, లేచి నిలబడ్డాను. కాసేపటికి ఒకామె చంటిబిడ్డని భుజాన వేసుకుని నీళ్లలో నడుచుకుంటూ వచ్చింది.

"ఆరోగ్యం రొట్టె ఉండాదా అమ్మా?"

"ఈ ఏడు నా దగ్గర లేదు తల్లీ" అంది మాలకొండమ్మ. అదే గొంతు. చుట్టుపక్కల వాళ్లు తిరిగి చూశారు. "నాకే ఇంకా బాగు కాలా. రేపు మళ్లీ కోయించుకుంటున్నా. అదిగో, ఆ పచ్చ చీరామె దగ్గర తీసుకో. బిడ్డకి మందు ఎవురి దగ్గర ఇప్పిస్తా ఉండావు?"

ఆ తల్లి ఏదో చెప్పింది, వినపడలేదు.

"తగ్గినా పో. ఆయన ఇంక రావద్దు అనేదాకా పో."

ఇంకా ముగ్గురో నలుగురో వచ్చి అడిగారు. అందరికీ అదే చెప్పింది. పొద్దు వాలేదాకా నిలబడి, తడి చీర పిండుకుంటూ గట్టెక్కింది. నేను తువ్వాలిచ్చాను.

డాక్టరింటికి తిరిగొచ్చేసరికి షాజాదీ బేగం పొయ్యి ముందే ఉంది. పొద్దున పిసికిన పిండి గిన్నెలో అట్లాగే ఉంది. మమ్మల్ని చూసి పెనం పొయ్యి మీద వేసింది. రొట్టెలు కాల్చి మాలకొండమ్మకీ, చెంచులక్ష్మికీ, నాకూ తలా ఒకటి పెట్టింది.

మాలకొండమ్మ రొట్టె చేతిలో పట్టుకుని తినలేదు. "ఇది ఏం రొట్టె బూబమ్మా?"

"ఆకలి రొట్టె. తిను. రేపటినుంచి నీకు గంజే."

మాలకొండమ్మ నవ్వి, కుడివైపు పళ్లతో మెల్లగా నమలడం మొదలుపెట్టింది.